తుమ్ము గురించి ఎవరూ చెప్పలేదు

ఉదయం తొమ్మిది దాటి ఐదు నిమిషాలకు తెర లేచింది. 800 కుర్చీల హాలు. అందులో 23 మంది. లెక్క కచ్చితంగానే చెబుతున్నాను. సైడ్ వింగ్ చాటున నిలబడ్డ టీచరుకు ఆ సమయంలో తలలు లెక్కపెట్టడం తప్ప వేరే పని ఉండదు. ఆ 23 మందిలో ఏడుగురు మా పిల్లల తల్లిదండ్రులు. తొమ్మిది మంది మా తర్వాత ఆడాల్సిన బడి పిల్లలు, మొహాలకు రంగు వేసుకుని కదలకుండా కూర్చున్నారు. ఒకాయన మధ్య దారి ఊడుస్తున్నాడు. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒకరు ఇంకా టిఫిను దగ్గరే ఉన్నారు.

మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లోనే ఒక ఊళ్లో జరిగిన నాటకోత్సవం అది. ఊరి పేరు అనవసరం. ఇలాంటి ఉదయాలు చాలా ఊళ్లలో తెల్లారుతుంటాయి.

మా బడి గుంటూరు మిర్చి యార్డుకు నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. తొమ్మిదో తరగతిలో సగం మంది తల్లులు శీతల గిడ్డంగుల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళతారు. ఒకరోజు ‘మా ఇల్లు’ అని వ్యాసం రాయమంటే ఒక పిల్లవాడు ఇలా రాశాడు: “మా అమ్మ ఇంటికి వచ్చాక చేతులకు నూనె రాసుకుని సబ్బుతో కడుక్కుంటుంది. అయినా మా చెల్లిని చేతులతో ఎత్తుకోదు. మోచేతులతో ఎత్తుకుంటుంది.” ముప్పై నిమిషాల నాటిక మొత్తం ఆ చివరి వాక్యంలోంచి పుట్టింది. రాసింది పిల్లలే. నేను గుణింతాలు దిద్దాను, పోట్లాటలు తీర్చాను. దర్జీ కొట్టు నుంచి రెండు సంచుల ఎర్రగుడ్డ పీలికలు తెచ్చి రాశిగా పోశారు. ఆ రాశి చుట్టూ కూర్చున్న పదకొండు మంది ఒకే తాళంలో తుమ్ముతుంటే నాటిక మొదలవుతుంది. చివర తల్లి వేషం వేసిన అమ్మాయి బొమ్మ పసిపాపను మోచేతుల మధ్య ఇరికించుకుని, మొహం పక్కకు తిప్పుకుని జోల పాడుతుంది.

బడి వరండాలో రిహార్సల్ చేసినప్పుడు ఆ చివరి ఘట్టానికి మా అటెండరు కళ్లు తుడుచుకోవడం చూశాను. ఉత్సవంలో ఏం జరిగిందంటే, వేదిక మీద రెండే మైకులు పై నుంచి వేలాడుతున్నాయి. ఎక్కే ముందు నిర్వాహకుడు పిల్లలకు చెప్పాడు, “డైలాగు ఉన్నప్పుడు మైకు కిందకు వచ్చి చెప్పండి, లేకపోతే వెనక వాళ్లకు వినపడదు” అని. వెనక వాళ్లంటూ ఎవరూ లేరు. మా పిల్ల మాట వినే రకం. జోలపాట రాగానే పాపను చాప మీద వదిలేసి, నాలుగడుగులు ముందుకు నడిచి, మైకు కింద నిలబడి, ఉత్త చేతులతో పాడింది.

మూడో రాత్రి, పన్నెండు దాటి నలభై నిమిషాలకు, బహుమతులు చదివారు. శాలువాలయ్యాయి, ఫోటోలయ్యాయి. మాకు పాల్గొన్నందుకు ఒక జ్ఞాపిక, పదకొండు ప్రశంసాపత్రాలు. ఒకదాంట్లో పేరు తప్పు పడింది, అది పెద్ద విషయం కాదు. తిరుగు బస్సులో తల్లి వేషం వేసిన పిల్ల నా పక్కకు వచ్చి కూర్చుని అడిగింది, “వాళ్లు మన నాటిక చూసి ఏమన్నారు టీచర్?”

ఏమీ అనలేదు. ఎవరూ ఏమీ అనలేదు. మూడు నెలలుగా నేను ఆ ప్రశ్న దగ్గరే ఉన్నాను.

ఇలా నాటక పోటీలు పెట్టే పరిషత్తులను ఆడిపోసుకోవడానికి ఇది రాయడం లేదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే మా వైపు పరిషత్తును తిడితే సొంత ఇంట్లోనే అన్నం పుట్టదు. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో తెనాలిలో పుట్టింది. నాటక సమాజాలను ఒకచోట చేర్చి, నాటకాలకు పోటీ పెట్టి, గెలిచినవారిని గౌరవించే పద్ధతి అక్కడి నుంచి ఊళ్లూ పల్లెలూ పాకింది. ఇవాళ కూడా గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం వైపు పల్లెల్లో రైతులు, వైద్యులు, విదేశాల్లో స్థిరపడ్డ ఊరి పిల్లలు తలా కొంత వేసుకుని మూడు నాలుగు రాత్రులు నాటికలు ఆడిస్తున్నారు. బయటి ఊరి సమాజం వస్తే భోజనం, బస, ప్రదర్శన పారితోషికం. సినిమా వచ్చి, టీవీ వచ్చి, చివరికి ఫోను వచ్చి మీద పడినా తెలుగు నాటిక ఊపిరి నిలిచిందంటే ఆ చందా పుస్తకాల పుణ్యమే. ప్రభుత్వం తరఫున నంది నాటకోత్సవాలున్నాయి. 2023 డిసెంబరులో అవి మా గుంటూరులోనే, వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో జరిగాయి. పద్య నాటకం, సాంఘిక నాటకం, నాటికలతో పాటు బాలల నాటికకూ, కళాశాల నాటికకూ విడిగా విభాగాలు ఉండటం చిన్న సంగతి కాదు. ఆ గడప ఉంది కాబట్టే కొన్ని బడులైనా నాటకం వైపు చూస్తున్నాయి.

నా పేచీ పోటీతో కాదు. పోటీ ముగిశాక మిగిలే మౌనంతో.

పరిషత్తుల బహుమతుల జాబితా ఒకసారి తీరిగ్గా చదవండి. ఉత్తమ ప్రదర్శన, ద్వితీయ ప్రదర్శన, ఉత్తమ రచన, దర్శకత్వం, నటుడు, నటి, ప్రతినాయకుడు, హాస్యనటుడు, సహాయ పాత్ర, బాలనటులు, సంగీతం, రంగాలంకరణ, ఆహార్యం. ఆ జాబితా చూస్తే వచ్చే ఏడాది నాటికలు ఎలా ఉండబోతున్నాయో చెప్పేయవచ్చు. ప్రతినాయకుడికి బహుమతి ఉంది కాబట్టి కథలో దుర్మార్గుడు ఒకడు ఉండి తీరాలి. హాస్యానికి ఉంది కాబట్టి వృద్ధాశ్రమం కథలో కూడా ఒక వంటవాడు జారిపడాలి. చివరి ఐదు నిమిషాల్లో కొడుకు తల్లి కాళ్ల మీద పడాలి. వీళ్లలో గొప్ప నటులున్నారు. ముఖ్యంగా ఒకే వారంలో నాలుగు సమాజాలకు నాలుగు పాత్రలు పోషిస్తూ, రాత్రి బస్సుల్లో నిద్రపోతూ తిరిగే నటీమణుల ఓపికకు నేను చేతులెత్తి దండం పెడతాను. అయినా ఆ నాటికలకు ఒక కొలత కుట్టుబడిపోయింది. దాన్ని కుట్టింది ప్రేక్షకులు కాదు, మార్కుల కాగితం.

ఇక ఆ కాగితం ముందు బడి పిల్లల నాటికనూ, పేటలో కూలీలు ఆడే నాటికనూ, తెర, సెట్టు, సోఫా వద్దనుకుని ఏదో కొత్తగా వెతుక్కునే ప్రయోగ బృందాన్నీ నిలబెడితే ఏమవుతుంది? ముగ్గురినీ ఒకే గాటన కట్టినట్టు అవుతుంది. బడి పిల్లవాడికి కావాల్సింది తాను చెప్పింది పెద్దవాళ్లకు చేరిందో లేదో తెలియడం. పేట మనుషులకు కావాల్సింది తమ బతుకు ఇలాగే ఉందా అని తమలాంటి వాళ్లతో సరిచూసుకోవడం. ప్రయోగం చేసేవాడికి ఎక్కడ విఫలమయ్యాడో చెప్పే మనిషి కావాలి. అతను వచ్చిందే విఫలం కావడానికి. ముగ్గురి అవసరమూ చివరికి ఒక్కటే: మాట. మనం మాత్రం ముగ్గురికీ కలిపి జ్ఞాపిక ఇస్తున్నాం.

ఐర్లండులో ఔత్సాహిక నాటక సమాజాలకు మన పరిషత్తుల్లాంటివే ప్రాంతీయ ఉత్సవాలున్నాయి. అక్కడ గెలుచుకున్న పాయింట్లను బట్టి ఆథ్లోన్ అనే ఊళ్లో 1953 నుంచి జరుగుతున్న అఖిల ఐర్లండు నాటకోత్సవానికి అర్హత దొరుకుతుంది. చదువుతుంటే మన ఊళ్ల సంగతే అనిపించింది, ఒక్క తేడా తప్ప. నాటకం అయిపోగానే న్యాయనిర్ణేత లేచి, ప్రేక్షకులూ నటులూ అందరూ వింటుండగా, తాను ఏం చూశాడో చెబుతాడు. ఏది పండింది, ఏది తేలిపోయింది, ఎందుకు. జనం ఆ మాటలు వినడం కోసం కూడా కూర్చుంటారట. గెలవని సమాజానికి కూడా ఇంటికి తీసుకెళ్లడానికి ఏదో ఒకటి ఉంటుంది.

అంత దూరం ఎందుకు, పక్క రాష్ట్రానికి వెళదాం. కర్ణాటకలో సాగర దగ్గర హెగ్గోడు అనే పల్లె. 1949లో మొదలైన నీనాసం అనే నాటక సంస్థ అక్కడిదే. దాన్ని నడిపిన కె.వి.సుబ్బణ్ణకు 1991లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. ఏటా అక్కడ జరిగే సంస్కృతి శిబిరంలో రాత్రి నాటకం చూసినవాళ్లు మర్నాడు పొద్దున కూర్చుని దాని గురించి మాట్లాడుకుంటారు. పోక తోటల నడుమ ఒక పల్లె చేయగలిగిన పని కృష్ణా తీరాన విజయవాడ లాంటి ఇంత పెద్ద నగరానికి చేతకాదంటే నేను ఒప్పుకోను.

ఈ మాట అంటే మా నాటక మిత్రులు నవ్వుతారు. “మనవాళ్ల సంగతి నీకు తెలియదా? న్యాయనిర్ణేత అందరి ముందూ తప్పు చెబితే అతను క్షేమంగా బస్టాండుకు చేరతాడా?” అని. నాకు తెలుసు. ఫలితాల రాత్రి గ్రీన్ రూము దగ్గర ఎవరి చొక్కా ఎవరు పట్టుకున్నారో కూడా తెలుసు. కానీ ఆ కోపం విమర్శ వల్ల వస్తోందా? కారణం తెలియని తీర్పు వల్ల కదా వస్తోంది! కవరు విప్పి పేరు చదివి మైకు కట్టేస్తే మిగిలేది అనుమానమే. “ఫలానా ఆయన వాళ్ల ఊరివాడు” అనే మాట పుట్టేది ఆ ఖాళీలోనే. ఎందుకు ఇచ్చారో చెబితే కనీసం పోట్లాట నాటకం గురించి జరుగుతుంది.

పైగా మన ప్రేక్షకుడు ఎప్పటి నుంచి ఇంత మర్యాదస్తుడయ్యాడు? పద్య నాటకాల రోజుల్లో పద్యం నచ్చితే “వన్స్‌మోర్” అని అరిచేవాడు. చచ్చి పడిపోయిన పాత్ర లేచి మళ్లీ పద్యం పాడి మళ్లీ చచ్చేదని మా తాతయ్య చెబుతుండేవాడు. నచ్చకపోతే ఈల. బాపట్ల నుంచి వచ్చిన, ఆడవేషాలకు పేరుపడ్డ స్థానం నరసింహారావు సత్యభామ వేషంలో కొంగు సర్దుకున్న తీరును గురించి నెలల తరబడి అరుగుల మీద తర్కాలు జరిగేవట. ఆ తీర్పులు ఎంత మొరటువైనా నటుడికి అప్పటికప్పుడు అందేవి. మనం అరుపు మాన్పించాం, మంచిదే. దాని చోట మరేదీ పెట్టలేదు.

రెండో అభ్యంతరం సమయం గురించి. రాత్రికి మూడు నాటికలు, మధ్యలో సన్మానాలు, ఇక మాటలకు చోటెక్కడ అంటారు. సన్మానాలు తగ్గించండి. (ఒక నాటకోత్సవంలో నాటిక యాభై నిమిషాలు, దానికి ముందు సభ గంటా ఇరవై నిమిషాలు సాగింది. ఆ సభలో మాట్లాడిన ఆరుగురిలో ఐదుగురు నాటకరంగం చచ్చిపోతోందని బాధపడి, నాటిక మొదలవగానే వెళ్లిపోయారు.) మూడు ఆడే చోట రెండే ఆడించి, ఒక్కోదానికి పావుగంట మాట పెడితే ఉత్సవానికి ఏ లోటూ రాదు.

బడి నాటకం దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే అక్కడే మనం ఎక్కువ అన్యాయం చేస్తున్నాం. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం నాటకం ఆడించింది తన విద్యార్థులతోనే. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం, దండలు వేస్తున్నాం. తెలుగు నాటకం తొలి అడుగులు వేసింది బడి పిల్లల కాళ్లతో అని మాత్రం ఎవరికీ గుర్తు రాదు. విజయవాడ, గుంటూరు ఇప్పుడు ర్యాంకుల నగరాలు. హోర్డింగు మీద పిల్లల మొహాల పక్కన అంకెలుంటాయి. ఏడాది పొడవునా నంబరుతో కొలిచే పిల్లలను ఒక్కరోజు నాటకానికి తీసుకువచ్చి అక్కడ కూడా నంబరే ఇస్తే ఇక బయటి గాలి పీల్చినట్టు ఎలా అవుతుంది? ఒక్క పని చేయండి చాలు. బడి నాటికలను తొమ్మిదింటికి ఊడ్చే వేళ కాకుండా, సాయంత్రం పెద్ద నాటిక ముందు, హాలు నిండే వేళ ఆడించండి. పిల్లల వెనక ఎలాగూ ఇంటిల్లిపాదీ వస్తారు. ఆ జనం తర్వాతి నాటికకు కూడా కూర్చుంటారు. ఇది దయ కాదు, టికెట్టు లేని కొట్టు నడపడంలో మామూలు తెలివి.

ఇక స్థలం. విజయవాడలోని తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రం లాంటి పెద్ద వేదిక గురజాడ నాటకానికి బాగుంటుంది. మోచేతుల మధ్య పాపను పట్టుకుని గొణిగే జోలపాటకు అది సముద్రం. 1970ల్లో బెంగాలీ నాటకకర్త బాదల్ సర్కార్ కలకత్తాలో ఎత్తు వేదికను వదిలేసి ప్రేక్షకుల మధ్యకు, గదుల్లోకి, మైదానాల్లోకి వచ్చేశాడు. అంతకు చాలా ముందే 1940ల్లో ప్రజానాట్యమండలి దళాలు ఇదే బెజవాడ కేంద్రంగా పల్లెల్లోకి, సంతల్లోకి వెళ్లాయి. కాబట్టి ప్రయోగం అనేది హైదరాబాదు నుంచో ఢిల్లీ నుంచో దిగుమతి చేసుకోవాల్సిన సరుకు కాదు. ఒక గ్రంథాలయం హాలు, ఒక బడి వరండా, కాలువ గట్టు మీద ఒక చెట్టు చాలు. విజయవాడలో జనవరి పుస్తక మహోత్సవం ముప్పై ఏళ్లకు పైగా జరుగుతోంది. అక్కడ ఏ పుస్తకానికీ ప్రథమ బహుమతి ఇవ్వరు. అయినా జనం దుమ్ములో నడిచి వస్తారు, సంచులు నింపుకుని వెళతారు, ఒకరికొకరు “ఇది చదివారా” అని చెప్పుకుంటారు. ఉత్సవం అంటే నాకు అదీ.

మా నాటిక సంగతి ఇంకా పూర్తికాలేదు.

ఉత్సవం జరిగిన రెండు వారాలకు శంకర్‌విలాస్ సెంటరు దగ్గర టీ కొట్టులో ఆ ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒకాయన కనిపించారు. టిఫిను దగ్గర ఆలస్యమైన ఆయన కాదు, మరొకరు. పెద్దాయన, నలభై ఏళ్లుగా వేదిక మీద ఉన్నారు. నమస్కారం పెట్టి, ఫలానా మిరపకాయల నాటిక మాదే మాస్టారూ అన్నాను. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి, “ఆ తుమ్ము ముందే తుమ్మించేశారమ్మా” అన్నారు.

అర్థం కాలేదన్నాను.

“మొదటి నిమిషంలోనే పదకొండు మంది తుమ్మారు. జనం నవ్వారు. ఇక ఆ ఘాటంతా అక్కడే ఖర్చయిపోయింది. అదే తుమ్మును దాచిపెట్టుకుని ఉంటే చివర పాప దగ్గర పనికొచ్చేది” అని, రెండు గుక్కలు తాగి, “పిల్ల బాగా చేసింది. మైకు కిందకు ఎవరు నడవమన్నారు దాన్ని?” అన్నారు.

మూడు నెలల రిహార్సల్సు, మూడు రాత్రుల ఉత్సవం, ఒక జ్ఞాపిక. అన్నింటికంటే ఎక్కువ నాకు ఆ ఏడు రూపాయల టీలో దొరికింది. ఆ మాటలు పదకొండు మంది పిల్లల ముందు, ఆ వేదిక మీదే ఆయన అనడానికి అడ్డం వచ్చిందేమిటి? అదే అడిగాను. “అడిగితే చెబుతాంగా అమ్మా, ఎవరూ అడగరు” అన్నారాయన.

మర్నాడు క్లాసులో చెప్పాను. పిల్లలు అరగంట వాదించుకున్నారు. తుమ్ములు తీసేయాలని కొందరు, తీసేస్తే నవ్వు పోతుందని కొందరు. తేలక, చాలామంది పిల్లలు ఉండే పేటలోనే ఒకసారి ఆడి చూద్దామన్నారు. ఆదివారం సాయంత్రం రామాలయం ముందు ట్యూబులైటు కింద ఆడారు. మైకు లేదు. తల్లి వేషం పిల్ల ఎక్కడికీ నడవక్కర్లేదు. పాపను మోచేతుల్లోనే ఉంచుకుని, రెండు గజాల దూరంలో కూర్చున్న ఆడవాళ్ల వైపు చూస్తూ పాడింది. వాళ్లలో ఒకామె తన మోచేతులు తానే చూసుకుంది.

అయిపోయాక చప్పట్లు కొట్టలేదు. కాసేపు ఎవరి పిల్లలను వాళ్లు పిలుచుకున్నారు. తర్వాత ఒక పెద్దావిడ ఎర్రగుడ్డ పీలిక ఒకటి వేళ్ల మధ్య నలుపుతూ నా దగ్గరికి వచ్చింది.

“టీచరమ్మా, అందరూ తుమ్మరు” అంది. “కొత్తగా పనిలోకి వచ్చిన పిల్ల ఒక్కతే తుమ్ముతుంది. మేం తుమ్మం. మా ముక్కులు ఎప్పుడో చచ్చిపోయాయి.”

మాస్టారు నాటకం తెలిసిన మనిషి కాబట్టి తుమ్మును దాచమన్నారు. ఈవిడ తొడిమలు తెలిసిన మనిషి కాబట్టి అసలు అన్ని తుమ్ములు లేవంది. ఇద్దరూ వేరువేరు దారుల్లో ఒకే చోటికి వచ్చారు. ఆ ఇద్దరూ ఒకే హాల్లో, ఒకే నాటిక చూసి, ఒకరి మాట ఒకరు వినే ఏర్పాటు ఏ ఉత్సవంలోనూ లేదు. అలాంటి ఉత్సవం ఎవరైనా పెడితే కుర్చీలు మోయడానికి నేను వస్తాను.

ఇప్పుడు నాటిక మారింది. రాశి చుట్టూ పది మంది మౌనంగా, చకచకా తొడిమలు తీస్తుంటారు. పదకొండో పిల్ల వచ్చి కూర్చుంటుంది. తుమ్ముతుంది. పది మందీ చేతులు ఆపి ఆమె వైపు చూస్తారు. మళ్లీ పనిలో పడతారు. అది మొదట్లో కాదు, మధ్యలో వస్తుంది. మళ్లీ తుమ్మరు. చివర జోలపాట పాడేది ఆ పదకొండో పిల్లే.

వచ్చే నెల మరో ఊళ్లో నాటకోత్సవం. దరఖాస్తులో ‘గతంలో సాధించిన బహుమతులు’ అనే గడి ఉంటే గీత గీసి పంపాను. ఈసారి మాకు పదిన్నరకు సమయం ఇచ్చారు. ఆ మాస్టారు వస్తానన్నారు. పేట నుంచి పదహారు మంది పేర్లిచ్చారు, ఆ రోజు కూలి పోతుందని నలుగురు వెనక్కి తగ్గారు. మిగిలినవాళ్ల కోసం మినీ వ్యాను మాట్లాడాను. ఆ పెద్దావిడ ముందు సీటు అడిగింది.